కామాక్షత్త తొమ్మిదో పుస్తకం

మొన్న చైత్రంలో పులివెందులకు వెళ్లాను. మా కామాక్షత్తకు కంట్లో శుక్లం తీశారని, నెల రోజులు చదవొద్దని డాక్టరు చెప్పినా వినడం లేదని, నాలుగు రోజులు వచ్చి తోడుంటే బాగుంటుందని ఆమె కోడలు ఫోన్ చేసింది. కామాక్షత్త మా నాయనకు చెల్లెలు. ఇప్పుడామెకు డెబ్బై ఎనిమిదేళ్లు, నాకు అరవై ఎనిమిది. నేను వెళ్లేసరికి వసారాలో కుర్చీలో, నల్లద్దాలు పెట్టుకొని, చేతులు రెండూ ఒడిలో పెట్టుకొని, వెలుతురుకు వీపు చేసి కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి గుమ్మం దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. అచ్చం అలాగే ఆమె ఒక ఎండాకాలమంతా ప్రొద్దుటూరులో మా తాత ఇంట్లో కూర్చుంది. అప్పుడామెకు ఇరవై రెండు, నాకు పన్నెండు. ఆ ఎండాకాలం నేను ఆమెకు చేసిన పని ఒకటుంది. యాభై ఏళ్లకు పైగా దాన్ని ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు, పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకు అబద్ధాలాడకూడదని చెప్పినదాన్ని, ఆ మాట అన్నప్పుడల్లా నల్లబల్ల వైపు తిరిగేదాన్ని.

మా నాయన జమ్మలమడుగులో చిన్న బట్టలంగడి పెట్టుకొని అక్కడే కాపురం ఉండేవాడు. పెద్దంగడి ప్రొద్దుటూరు బజారులో మా తాతది. పరీక్షలైన మర్నాడే నన్ను బస్సెక్కించి తాత ఇంటికి పంపేవారు. మళ్లీ బడి తెరిచేదాకా అక్కడే. ఆ ఇల్లు మట్టిమిద్దె. కింద నల్లటి నాపబండలు, పైన దూలాల మధ్య ఒక గవాక్షి. గవాక్షి అంటే ఇంట్లోకి వెలుతురు రావడానికి మిద్దెకు వదిలిన గుండ్రటి కంత. వాన మబ్బు పడితే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద బండ మూసేవాళ్లు. ఎండాకాలం పగలంతా ఆ గవాక్షిలోంచి పళ్లెమంత ఎండ దిగి, పొద్దుతో పాటు పడసాల బండల మీద నెమ్మదిగా జరుగుతూ ఉండేది. మిగతా ఇల్లంతా చీకటి, చల్లదనం. మా అవ్వ మధ్యాహ్నానికి ముందు బండల మీద నీళ్లు చిలకరించేది. ఆ తడి రాతి వాసన, మాగేసిన మామిడికాయల వాసన, మిద్దె మీద తెల్లగుడ్డల మీద ఆరుతున్న ఊరగాయ ముక్కల వాసన కలిసి ఉండేవి. పన్నెండు దాటాక తాత అంగడి నుంచి భోజనానికి వచ్చేవాడు. ఆయన పక్కన కూర్చుంటే కొత్త పంచెల గంజి వాసన వచ్చేది. తిన్నాక తుండుగుడ్డ మడిచి తల కింద పెట్టుకొని బండల మీదే ఒక అరగంట పడుకునేవాడు. ఆ అరగంటలో ఇంట్లో గిన్నె చప్పుడు వినబడకూడదు. అవ్వ కూడా కాలి మట్టెలు బండకు తగలకుండా నడిచేది. అవ్వకు చదువు రాదు. తాత అంగడి పలక మీద ఉన్న అక్షరాలు మాత్రం ఆకారం చూసి గుర్తుపట్టేది, వాటినే చదువనుకునేది.

ఆ సంవత్సరం నేను పోయేసరికి ఇంట్లో మాటలు తగ్గిపోయి ఉన్నాయి. అత్తకు పెళ్లై అప్పటికి రెండేళ్లు. పులివెందులలో పాత్రల అంగడి వాళ్లింటికి ఇచ్చారు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ పుట్టి పదకొండు రోజులు బతికాడు. వాడు పోయిన రోజు అత్తగారు, మామ వచ్చారు. మామ అంటే అత్త మొగుడు. "మీ ఇంట్లో చూసుకోలేక మా బిడ్డను పోగొట్టినారు" అని ఆ పెద్దావిడ పడసాలలో నిలబడి అన్నదట. మామ పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఒక గంట ఉండి వెళ్లిపోయారు. ఆ తర్వాత అత్తకు జ్వరం పట్టుకొని ఇరవై రోజులు దిగలేదు. జ్వరం దిగాక కళ్లు మసకబారాయి, వెలుతురు చూస్తే నీళ్లు కారేవి. మూడు నెలలు అక్షరం చూడొద్దని డాక్టరు చెప్పి చుక్కల మందిచ్చాడు. అత్త నుదుటికి ఆకుపచ్చ గుడ్డ ఒకటి కట్టుకొని, దాన్ని కళ్ల మీదికి దించుకొని, పడసాలలో చీకటి మూల కూర్చునేది. మామ దగ్గరి నుంచి ఉత్తరం లేదు. చివరికి ఎవరితోనో కబురొచ్చింది. జ్యేష్ఠం వెళ్లేలోగా పంపితే పంపండి, లేకుంటే మీ ఇంట్లోనే పెట్టుకోండి అని.

ఇంకొక కబురు కూడా ఆ ఇంట్లో ఉంది. అప్పటిదాకా అది తాతకూ అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు. అత్త పెళ్లికి ముందే ఎస్సెల్సీ పాసైంది. బిడ్డ పోయాక తాత, అవ్వకు చెప్పకుండా, తెలిసిన బడి అయ్యవారి చేత కడప ట్రైనింగు స్కూలుకు దరఖాస్తు రాయించి అత్త చేత సంతకం పెట్టించాడు. సీటు వచ్చిందని కార్డు వచ్చింది. అక్కడ కూడా జ్యేష్ఠం చివరికే చేరాలి. ఆ కార్డు అవ్వ చేతికే పడింది. ముద్ర చూసి ఏదో కోర్టు కాగితమనుకొని భయపడి తాతను నిలదీస్తే సంగతి బయటికొచ్చింది. నేను వచ్చిన రోజే ఆ మాటలు జరుగుతున్నాయి. సంచి కూడా దించకుండా గుమ్మంలో నిలబడ్డాను.

"ఒకటి చెప్పమ్మా" అన్నాడు తాత. "పులివెందులకు పోతావా, కడపకు పోతావా? నువ్వేది చెప్తే అది."

"ఆడపిల్లను అడుగుతాండావు, అదేమన్నా అంగట్లో చీరనా ఏరుకునేకి!" అంది అవ్వ.

అత్త గుడ్డ ఎత్తకుండానే మాట్లాడింది. "కొంచెం టైమియ్యి నాయనా. నేను పెండ్లికి ముందు తొమ్మిది పుస్తకాలు చదవల్లని రాసుకున్నా. ఆ ఇంట్లో రెండేండ్లు పుస్తకం ముట్టుకోలేదు. ఈ ఎండాకాలం అవి చదువుతా. అవి అయిపోయేలోగా చెప్తా."

"కండ్లు ఇట్ల పెట్టుకొని ఎట్ల చదువుతావు?"

"అమ్మీ చదువుతాది. వచ్చినాది గదా, అడుగుల చప్పుడు వినపడింది" అంది అత్త, నా వైపు తిరిగి.

ఆ విధంగా ఆ తొమ్మిది పుస్తకాల బాధ్యత నా మీద పడింది. అత్త నోటితో చెబుతుంటే నా పాత నోటుబుక్కులోంచి కాగితం చించి, నా ముత్యాల అక్షరాలతో తొమ్మిది పేర్లూ వరసగా రాశాను. అన్నం మెతుకులతో దాన్ని గోడ బీరువా తలుపుకు లోపలి వైపు అంటించాం. తాత పేరు మీద లైబ్రరీలో కార్డుంది. ఒక్కొక్క పుస్తకం తెచ్చేదాన్ని, అయిపోగానే ఆ పేరు మీద గీత గీసేదాన్ని. వాటిలో ఒకటి కాలినడకన కాశీకి పోయి వచ్చినాయన రాసుకున్నది. ఒకటి రైలింజను నడిపిన ఆయన తన ఉద్యోగం గురించి రాసింది. ఒకటి నక్షత్రాల గురించి. ఒకటి పద్యాల పుస్తకం, అందులో నాకు సగం పైగా అర్థం కాలేదు. మిగతావి నవలలు. అత్తకు వీటి గురించి ఎవరు చెప్పారో, ఎక్కడ చూసి రాసుకుందో నేనడగలేదు. అడగాలని తోచే వయసు కాదు.

భోజనాలై, తాత లేచి అంగడికి వెళ్లాక మా చదువు మొదలయ్యేది. అత్త చీకటి మూలలో, నేను గవాక్షి కింద ఎండలో. ఎండ జరిగిన కొద్దీ నేనూ పుస్తకంతో పాటు జరిగేదాన్ని. ఎండ గోడ ఎక్కితే ఆ రోజుకు చదువు సరి. అత్త వినే తీరు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తల కొంచెం వాల్చి, పెదవులు కొద్దిగా తెరిచి, దాహంగా ఉన్నవాళ్లు నీళ్లు పోసే చెంబు వైపు చూసినట్టు నా గొంతు వైపు తిరిగేది. ఒక వాక్యం నచ్చితే వేలెత్తేది. నేను ఆగి ఆ వాక్యం మళ్లీ చదవాలి. కాశీ ప్రయాణంలో ఒకచోట ఆయన, తోడు వచ్చినవాడు చనిపోతే వాడి చెప్పులు చేత్తో పట్టుకొని నడుస్తాడు. అక్కడ అత్త వేలెత్తి చాలాసేపు దించలేదు. నాలుగుసార్లు చదివాను. బిడ్డ పోయినందుకు ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆ రోజు ఆకుపచ్చ గుడ్డ తడిసింది. "కండ్ల మందు కారింది లే, చదువు" అంది.

మొదట్లో వారానికొకటి చొప్పున పోతామనుకున్నాం. కానీ పద్యాల పుస్తకం తొమ్మిది రోజులు పట్టింది. ఊరగాయల పనిలో అవ్వ నన్ను నాలుగు రోజులు లాక్కుంది. ఒక నవల లైబ్రరీకి తిరిగి రాక వారం ఆగాం. అప్పుడు ఇల్లంతా పుస్తకాల లెక్కే అయింది. తాత భోజనానికి కూర్చోగానే "ఎన్నయినాయి?" అనేవాడు. "అయిదు" అంటే తలాడించి అన్నం కలుపుకునేవాడు. ఆ గొంతులో తొందర ఉండేది కాదు. అవ్వ మాత్రం "ఇంగెన్నుండాయి?" అని అడిగేది. అదే ప్రశ్న, వేరే దిక్కు నుంచి. నాకు అయిపోవాలనీ ఉండేది, అయిపోకూడదనీ ఉండేది. అయిపోతే అత్త ఎక్కడికో పోతుంది, పులివెందులకో కడపకో. ఆ ఎండాకాలం ముందు అత్త నాకు అత్త మాత్రమే. ఆ పుస్తకాల మధ్య ఆమె ఎవరో నాకు తెలియడం మొదలైంది. పెద్దవాళ్లలో నాతో పెద్దదానితో మాట్లాడినట్టు మాట్లాడిన మొదటి మనిషి ఆమె. "ఆయప్ప చేసినాది తప్పా అమ్మీ, నీకేమనిపిస్తాంది?" అని పుస్తకంలో మనిషి గురించి నన్నడిగేది. నేను చెప్పింది చివరిదాకా వినేది.

జ్యేష్ఠం సగమయ్యేసరికి ఏడయ్యాయి. రెండు మిగిలాయి. ఇక పొద్దున్నే కూడా చదవడం మొదలుపెట్టాం. నా గొంతు బొంగురుపోయింది. పుస్తకాలంటే గిట్టని అవ్వే మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఎనిమిదోది అలా గట్టెక్కింది. తొమ్మిదోది ఒక నవల. అందులో ఒకామె పెళ్లయిన మూడేళ్లకు భర్త ఇంటి నుంచి వచ్చేసి, నది ఒడ్డున ఒక ఊళ్లో ఆసుపత్రిలో పనికి కుదురుతుంది. నేను కథ మొదలుపెట్టిన రెండో రోజుకే అవ్వ పడసాలలో పనులు చేసుకుంటూ వినసాగింది. చాటలో బియ్యం ఏరుతూ ఆగిపోయేది. నాలుగో రోజు పెరట్లో, రోటి దగ్గర, నన్ను చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"ఆ బుక్కులో ఆయమ్మ మొగుని కాడికి పోతాదా, పోదా?"

"తెల్దవ్వా. ఇంగా చదవల్ల."

"ముందే సదివి చూడు. నాకు చెప్పు."

చదివాను. చివరి నాలుగు పేజీల్లో భర్త ఎడ్లబండి కట్టించుకొని వస్తాడు. ఆమె అతనికి నీళ్లిస్తుంది, ఇంట్లో అందరి క్షేమం పేరు పేరునా అడుగుతుంది. ఇక నాకు పనివేళ అయిందని చెప్పి ఆసుపత్రి మెట్లెక్కుతుంది. అంతే. అతను బండి దగ్గర నిలబడి ఉండగా పుస్తకం అయిపోతుంది. ఈ మాట అవ్వకు చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది.

"అది సదవాకు దానికి" అంది. "పోయినాదని సదువు."

"పుస్తకంలో అట్ల లేదవ్వా."

"నీకు తెల్దు అమ్మీ. అది మా మాట యినదు, అచ్చులో ఉండే మాట యింటాది. అందరూ సదివి మంచోళ్లయితారు, నా బిడ్డ సదివి ఒంటిదైతాది. మేం పోయినాంక దాన్ని చూసేదెవరు? ఒక్క మాట మార్చితే ఏం పోతాది?" అని నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. "నా మీదొట్టు."

అవ్వ ఏడవడం అదే మొదటిసారి చూడటం. ఇప్పుడు తలుచుకుంటే ఆమె మీద నాకు కోపం రాదు. చదువు రాని మనిషి ఒక పుస్తకం చివరి పేజీకి అంత భయపడిందంటే, దాని బలం మాకంటే ఆమెకే బాగా తెలుసు. కానీ ఒట్టు వేసింది నేను. ఊ అన్నది నేను.

మర్నాడు మధ్యాహ్నం ఆ నాలుగు పేజీలూ మిగిలాయి. అవ్వ వంటింటి గడప మీద కూర్చొని ఉంది. నేను ఎండలో పుస్తకం తెరిచి, అచ్చులో ఉన్నదాని మీద చూపు పెట్టి, లేనిది చదవడం మొదలుపెట్టాను. భర్త వచ్చినదాకా ఉన్నది ఉన్నట్టే చదివాను. అక్కడి నుంచి కల్పించాను. ఆమె కళ్లు తుడుచుకుందన్నాను, మెల్లగా బండెక్కిందన్నాను, ఎద్దుల మెడలో గంటలు మోగాయన్నాను, బండి నది పక్క నుంచి ఊరి వైపు కదిలిందన్నాను. "అయిపోయింది అత్తా" అని పుస్తకం మూశాను.

అత్త వేలెత్తింది.

"బండెక్కిన కాడ మళ్లొకసారి చదువమ్మీ."

పుస్తకం మళ్లీ తెరిచాను. మొదటిసారి ఏమన్నానో వరసగా గుర్తు రాలేదు. ఆమె తల వంచుకొని బండెక్కిందన్నాను, భర్త చెయ్యి అందించాడన్నాను, బండి కదిలిందన్నాను.

అత్త ఎత్తిన వేలు దించింది. తర్వాత అడిగింది: "గంటలేమైనాయి?"

"అవి... పక్క పేజీలో ఉండాయి."

"సరే" అంది అత్త. "మూసెయ్."

బీరువా తలుపు తెరిచి తొమ్మిదో పేరు మీద గీత గీశాను. పెన్సిలు ములుకు విరిగింది. వెనక అవ్వ లేచి వంటింట్లోకి వెళ్లిన చప్పుడు వినిపించింది. మర్నాడు పొద్దున అత్త నా దగ్గర పుస్తకం అడిగి తీసుకుంది, ఊరికే పట్టుకుంటానని. మధ్యాహ్నం తిరిగి ఇచ్చేసింది. తాత భోజనానికి వచ్చి "ఎన్నయినాయి?" అంటే, నేను నోరు తెరిచేలోగా తనే చెప్పింది: "అన్నీ అయినాయి నాయనా. నేను పులివెందులకు పోతా."

తాత ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆమె వైపే చూశాడు. "నిజంగానే చెప్తాండావా?"

"నిజంగానే."

ఆయన మళ్లీ అడగలేదు. ఆ రోజు భోజనం చేశాక పడుకోలేదు కూడా, నేరుగా అంగడికి వెళ్లిపోయాడు. అవ్వ పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. నా వంతు నేను పెరట్లో కాకులకు వేశాను. నాలుగు రోజుల తర్వాత మా నాయన జమ్మలమడుగు నుంచి వచ్చి, అత్తను బస్సులో పులివెందులకు తీసుకుపోయాడు. బస్సు కదిలేటప్పుడు ఆమె ఆకుపచ్చ గుడ్డ లేకుండా, కళ్లు చికిలించుకొని, ఎండలో నిలబడ్డ నన్నే చూసింది.

ఆ తర్వాత అత్త జీవితం అందరి జీవితాల లాగే సాగింది. చెడిపోయిందని అనలేను. మామ తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు. మాట్లాడని మనిషి, అంతే. అత్తగారు ఎనిమిదేళ్లు మంచంలో ఉంటే అత్తే చేసింది. ఇద్దరు కొడుకులు పుట్టారు, అంగడి పెద్దదైంది. మామ పోయి పదేళ్లయింది. నేను పదో తరగతి పాసైనప్పుడు మా నాయన సంబంధాలు చూడబోతే, అత్త పులివెందుల నుంచి ఉత్తరం రాసింది. "అమ్మీని కడప ట్రైనింగుకు పంపు అన్నా. పంపకపోతే నేను నీ గడప తొక్కను" అని. తన కోసం ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడని మనిషి. నేను వెళ్లాను. అదే స్కూలు. ఆ రెండేళ్లూ క్లాసులో ఏ బెంచీ మీద కూర్చున్నా వేరేవాళ్ల చోటులో కూర్చున్నట్టే ఉండేది. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఏటా రెండు మూడుసార్లు పులివెందులకు వెళ్లేదాన్ని. అత్త ప్రతిసారీ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని "ఇంగేంది అమ్మీ, చెప్పు" అనేది. నేను ట్రాన్సుఫర్ల గురించి, పిల్లల గురించి, మా ఆయన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి వచ్చేదాన్ని.

ఈసారి వెళ్లిన మూడో రోజు ఆమె కోడలు సింహాద్రిపురంలో పుట్టింటి వాళ్ల శుభకార్యానికి వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. మధ్యాహ్నం కంటి చుక్కలు వేశాను. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకొని ఉంది. ఆ మూసిన కళ్లను చూస్తూనే చెప్పడం మొదలుపెట్టాను. తెరిచి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు. అవ్వ మాట, ఒట్టు, బండి, గంటలు, అన్నీ చెప్పాను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, చిన్నపిల్లలా వెక్కిళ్లు పెట్టాను.

చుక్క ఒకటి చెంప మీదికి జారితే కొంగుతో అద్దుకుంది.

"నాకు తెలుసు అమ్మీ" అంది.

"అప్పుడే తెలుసా?"

"రెండోసారి చదివినప్పుడే తెలిసింది. మర్నాడు పుస్తకం తీసుకొని పెరట్లోకి పోయి, గుడ్డ తీసి, కండ్లు మండుతాన్నా ఆ నాలుగు పేజీలు చదువుకున్నా. ఆయమ్మ పోలేదు. మెట్లెక్కింది."

నా గుండెల మీది బరువు దిగినట్టయింది. "అంటే నువ్వు పోయింది నా వల్ల కాదు గదా అత్తా? అసలు కథ తెలిసే పోయినావు గదా?"

వీధిలో కూరగాయల బండి మైకు వినిపించి దూరమైంది. అప్పుడు అత్త కళ్లు తెరిచింది. కొత్తగా శుక్లం తీసిన ఆ కన్ను పసిబిడ్డ కన్నులా తేటగా ఉంది.

"అబద్ధం చెప్పి నిన్ను పంపొచ్చు" అంది. "కానీ మనిద్దరి మధ్యన ఒకటి చాల్లే. విను. ఆ ఇంట్లో అందరూ నాకు ఒకే మాట చెప్తాండిరి. అమ్మ నోటితో చెప్తాండె, ఇరుగుపొరుగు కండ్లతో చెప్తాండిరి. నాయన మంచోడే, కానీ ఏదీ చెప్పకుండా నా మీద పెట్టేసినాడు. నా వయసేంది అప్పుడు? ఆ పుస్తకాలు చదివేటప్పుడు మాత్రం, నన్ను యాడికో పంపల్లని చూడని గొంతు ఒకటి వినపడతాంది అనుకుంటాంటి. అది నీ గొంతు. అందుకే ఆ రెండు నెలలు బతికినా. గంటలేమైనాయి అని అడిగినప్పుడు నువ్వు చెప్తావనుకున్నా. చెప్పలేదు. సరే, పుట్టింట్లో కూడా అంతే, అత్తింట్లో కూడా అంతే అనుకున్నా. అత్తింట్లో అయితే ఎవురి మీదా ఆశ లేదు, మోసపోయేది లేదు. అందుకని పోయినా."

చుక్కల మందు సీసాకు మూత బిగిస్తూ ఉండిపోయాను.

"నువ్వు పిల్లవు" అంది. "నేను నిన్ను తప్పు పట్టలేదు, ఆ పొద్దు గూడా. కానీ నువ్వు చెప్తావేమోనని మాత్రం శానా రోజులు చూసినా. వచ్చినప్పుడల్లా ఇంగేంది చెప్పు, చెప్పు అని అడుగుతాంటి గదా."

నేను ఆమెను కాపాడుతున్నాననుకొని మూసిపెట్టిన మాట అది. యాభై ఏళ్లుగా ఆమె నా కోసం తలుపు తీసి పెట్టుకొని కూర్చుంది. నేను ప్రతిసారీ ఆ తలుపు ముందు నుంచే మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటూ వెళ్లిపోయాను.

మర్నాడు తొండూరు మీదుగా బస్సులో, నేనిప్పుడు ఉంటున్న ప్రొద్దుటూరుకు తిరిగి వచ్చాను. దారి పొడవునా చీనీ బత్తాయి తోటలు, మధ్య మధ్య కరెంటు గాలిమరలు. ముందు సీట్లో ఒక తల్లి, కూతురి ఫోన్‌లో బడివాళ్లు పంపిన వేసవి పుస్తకాల పట్టీ చూస్తూ "ఏవో కొన్ని చదివినానని టిక్కు పెట్టు, ఎవురడుగుతారు?" అంటోంది. పాప టిక్కులు పెట్టేసి వేరే ఆటలోకి పోయింది. ఆ తల్లి చెప్పింది నిజమే. ఇప్పుడెవరూ అడగరు. మా పిల్లల ఇళ్లల్లో అల్మరాల నిండా పుస్తకాలున్నాయి, ఏది చదవొద్దనీ ఎవరూ అనరు, చివర్లో ఏమవుతుందోనని గడప మీద కూర్చొని వణికేవాళ్లూ లేరు. ఇది మంచిదే. ఆడపిల్లలు ఏ మెట్లెక్కాలన్నా ఎక్కుతున్నారు. మా అవ్వ లాంటి భయం మళ్లీ ఏ ఇంట్లోనూ ఉండకూడదనే నేను కోరుకుంటాను. కానీ ఒక మనిషి తన బతుకు ఎటు పోవాలో తేల్చుకోవడానికి తొమ్మిది పుస్తకాల గడువు అడగడం, ఒక తండ్రి సరేనని ఎదురుచూడటం, ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. అంతటి నమ్మకాన్ని పన్నెండేళ్ల పిల్ల చేతుల్లో పెట్టారని చెబితే అసలే నమ్మరు.

ఇంటికి చేరాక ఫోన్ చేశాను. కోడలు తీసి అత్తకిచ్చింది. బస్సులో సీటు దొరికిందా, ఎండ తగిలిందా అని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. ఎప్పటిలా అడుగుతుందేమో అనుకున్నాను, ఇంగేంది చెప్పు అని. అడగలేదు.

"సరే అమ్మీ" అంది. "పో, అన్నం తిను."

ఆమె గొంతు ఎదురుచూడటం మానేసింది. అలవాటైన ఆ ప్రశ్న లేకపోతే నాకేమీ తోచలేదు. చెప్పాల్సింది చెప్పేశాక మిగిలే నిశ్శబ్దం తేలిగ్గా ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. తేలిగ్గా లేదు. కానీ అది మా ఇద్దరిదీ.